ఇల్లు కొనిన రైతునకు సర్కారు నుండి రావలసిన వాపసు



ఈ పత్రికలో మేము సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, చీడపీడలను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసమున పన్నును గూర్చి వ్రాయబూనితిమి. ఇది వ్యవసాయ ప్రదర్శకుని పని కాదని కొందరనవచ్చును. కాని నల్లరేగడిలో మంచి పదునుండియు చేతిలో పైకము లేక గొర్రు కట్టలేని రైతునకు మేము విత్తనశుద్ధిని గూర్చి యెంత చెప్పినను ప్రయోజనమేమి? నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో పొలముల వెంట తిరుగునప్పుడు రైతులు మమ్ములను తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, చేను అమ్మినప్పుడు పట్టుకొన్న నూటికి రూపాయి మాకెప్పుడు తిరిగి వచ్చును?" అనునదే యా ప్రశ్న. దీనికి మాకు తెలిసినంతవరకు జవాబు చెప్పుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. అంతకు ముందే పట్టణము చుట్టునున్న చేల ధర పెరుగుచుండెను. జిల్లా కచేరీలు వచ్చిన పిదప పట్టణపు టంచున నున్న మాగాణి యనక మెట్ట యనక యన్నియు ఇండ్లస్థలముల వ్యాపారుల కన్నుల బడినవి. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రిల మీదుగా కడపకు పోవు రహదారి ప్రక్క పొలముల సంగతి చెప్పనక్కరయే లేదు. ఇట్టిచోట్ల ఎకరమో, ఎకరమున్నరయో అమ్మి, ఆ పైకముతో పిల్లల చదువుల కొరకు పట్టణములో నొక మిద్దె యిల్లు కొనుట ఈ ప్రాంతమున సామాన్యమైనది. చేను అమ్మి ఇల్లు కొనుట మంచిదా కాదా యను చర్చ యిచ్చట చేయము. మా అభిప్రాయము మా వృత్తిని బట్టియే అందరికిని తెలియును.

పల్లెటూరి సేద్యపుభూమి అమ్మినచో ఆదాయపు పన్ను లేదు. ఈ మాట రైతులందరికిని తెలిసినదే. కాని 'పల్లెటూరి భూమి' యనగా నేది యను విషయములోనే చిక్కు కలదు. 1961వ సంవత్సరపు ఆదాయపు పన్ను చట్టము ప్రకారము, పదివేల జనసంఖ్యకు తక్కువ కాని మునిసిపాలిటీ సరిహద్దులోపల నున్న భూమియు, దాని సరిహద్దునకు కొంత దూరములోపల నున్న భూమియు పల్లెటూరి భూమి కాదు. జనసంఖ్య పదివేలకు పైబడి లక్ష వరకు నున్న పట్టణమునకు ఆ దూరము 2 కిలోమీటర్లు. లక్షకు మించి పదిలక్షల వరకు నున్నచో 6 కిలోమీటర్లు. అంతకును మించినచో 8 కిలోమీటర్లు. దీనిని బాట వెంట కొలువరాదు. పక్షి యెగిరినట్లు సూటిగా కొలువవలెను. 2011 జనాభా లెక్కలలో నంద్యాల పురపాలకములో రెండు లక్షలకు పైగా జనులుండిరి. కావున నంద్యాల సరిహద్దు నుండి 6 కిలోమీటర్ల వరకు నున్న చేలన్నియు, వానిలో నేటికిని వరి పండుచున్నను, చట్టము దృష్టిలో పట్టణభూములే. ఆళ్లగడ్డకు 2 కిలోమీటర్లే. ఒకే రైతునకు రెండు చోట్ల రెండు చేలున్నప్పుడు ఒకదానికి పన్ను కలిగి, రెండవదానికి లేకపోవుట యిందువలననే సంభవించును.

ఇట్టి పట్టణభూమి గాని, ఇల్లు గాని, స్థలము గాని 50 లక్షల రూపాయలకు తక్కువ కాని వెలకు అమ్ముడుపోయినప్పుడు, కొనువాడు వెలలో నూటికి 1 రూపాయి పట్టుకొని, అమ్మినవాని పేర సర్కారునకు చెల్లింపవలెను. ఈ నిబంధన 2013 జూన్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. పన్నులవారి భాషలో దీనిని టి.డి.యస్. అందురు. సభ్యులు ఇచ్చట నొక భేదమును గమనింపవలెను. మండీలో తూకమునకు ముందు తీసిన తరుగు మరల రాదు. ఈ కోత అట్టిది కాదు. ఇది పన్ను కొరకు ముందుగా నుంచిన జమ. సంవత్సరాంతమున లెక్క చూచినప్పుడు పన్నుండినచో దానిలో చెల్లును. పన్ను లేనిచో మొత్తము తిరిగి రావలెను. అది సర్కారువారి దయ కాదు, రైతు సొమ్ము.

మరి పట్టణభూమి అమ్మినచో లాభముపై పన్ను కలదు గదా, వాపసు ఎట్లు వచ్చునని యడుగవచ్చును. ఇల్లు కొనుటవలననే వచ్చును. రెండేండ్లకు మించి తన స్వాధీనములో నున్న భూమిని అమ్మి, అమ్మకపు సొమ్మంతయు నొక నివాసగృహము కొనుటకు వినియోగించినవానికి, 1961 చట్టములోని 54ఎఫ్ సెక్షను ప్రకారము ఆ లాభముపై పన్ను లేదు. అమ్మకమునకు ఒక యేడు ముందు గాని, తరువాత రెండేండ్లలోపల గాని కొనవలెను. కట్టించుకొనువారికి మూడేండ్ల గడువు కలదు. సొమ్ములో ముప్పాతిక పాలే ఇంటికి పెట్టినచో లాభములో ముప్పాతిక పాలునకే మినహాయింపు. అమ్మిన దినమున అతనికి, క్రొత్త యిల్లు గాక, ఒక యింటికి మించి యుండరాదు. ఊరిలోని పాత యిల్లు ఒక్కటి యున్నచో బాధ లేదు. కొనిన యింటిని మూడేండ్లలోపల అమ్మరాదు. రిటర్ను దాఖలు చేయు గడువునకు ఇంకను ఇల్లు కొననివాడు ఆ పైకమును బ్యాంకులో ఇందుకొరకే యేర్పడిన ప్రత్యేకపు ఖాతాలో వేయవలెను. మామూలు ఖాతాలో నుంచినచో చెల్లదు.

మేమెరిగిన యొక రైతు సంగతి చెప్పెదము. పేరు చెప్పుట అనవసరము. ఇతనికిని ఇతని అన్నకును నంద్యాల అంచున తండ్రినాటి చేను పాళ్లుపంచుకొనినది కలదు. అన్న తన పాలు ముందే అమ్మెను. తమ్ముడు తన పాలును అదే కొనుబడిదారునకు 2023 జూన్ నెలలో 60 లక్షల రూపాయలకు అమ్మెను. కొనినవాడు 60,000 రూపాయలు పట్టుకొని మిగిలినది చెల్లించెను. తమ్ముని యిల్లాలి తరఫు భూమి ఆళ్లగడ్డ ప్రక్క నుండుటచే, ఆ సంవత్సరము నవంబరులో ఆళ్లగడ్డలో 56 లక్షలకు ఒక యిల్లు కొనెను. స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు నూటికి 7½ చొప్పున 4,20,000 రూపాయలైనవి. మొత్తము 60,20,000. అనగా అమ్మకపు సొమ్మంతయు ఇంటిలోనే పోయినది. పన్ను రవంతయు లేదు. 60,000 రూపాయలును తిరిగి రావలసినవే. ఇల్లు 50 లక్షలకు మించినందున, ఇతడును తనకు ఇల్లమ్మినవానికి ఇవ్వవలసిన దానిలో 56,000 పట్టి సర్కారునకు చెల్లింపవలసి వచ్చినది. ఒకే యేట ఒకే రైతు ఒకచోట కోత పడినవాడు, మరియొకచోట కోత వేసినవాడు! పట్టినది చెల్లించుటకు గడువు ఆ నెల కడపటి దినము నుండి 30 దినములు మాత్రమే. ఆలస్యమైనచో వడ్డీయు, దినమునకు 200 రూపాయల రుసుమును పడును. ఇతడు గడువులోపలనే చెల్లించెను.

2023 జూన్ నెలలో పట్టిన సొమ్మును అడుగుటకైనను 2024 ఏప్రిల్ వరకు వీలులేదు; ఏలయన ఆ సంవత్సరపు లెక్క మార్చి 31వ తేదీన గాని ముగియదు. ఇతడు ఆడిటరు చేత 2024 జూలైలో, గడువులోపలనే, రిటర్ను దాఖలు చేయించెను. అక్టోబరునకు సొమ్ము వచ్చును, దానితో మూడెకరముల పప్పుశనగ వేయుదునని తలచెను. చేతిలో వేరే పైకము లేదు. ఇంటి పైపూతలకును, గృహప్రవేశమునకును ఉన్నది కాస్తయు వ్యయమైపోయెను.

అక్టోబరు వచ్చినది, వాన పడినది, పదును కుదిరినది, సొమ్ము రాలేదు. ప్రక్క చేలలో గొర్రులు సాగుచున్నవి. రేగడిలో పదును ఎవరికొరకును నిలువదని సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. ఇతడు ఒక మండీ వ్యాపారి యొద్ద 60,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి, పంట అతనికే వేయు షరతుపై తెచ్చుకొనెను. మార్చిలో శనగ కల్లములో నుండియే వ్యాపారి కాటాకు పోయినది. ఆరు నెలల వడ్డీ 7,200 రూపాయలు అసలుతో కూడ తీసివేయబడినది. వడ్డీ కంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. ప్రక్క రైతులు పంటను గోదాములో వేసికొని ధర చూచి అమ్ముకొను స్వాతంత్ర్యము నిలుపుకొనిరి. ఇతనికి అది లేకపోయెను.

సొమ్మేల రాలేదో నవంబరులో గాని తెలియలేదు. కొనుబడిదారుని గుమాస్తా చెల్లింపు ఫారము నింపునప్పుడు తమ్ముని పాన్ సంఖ్యకు బదులు, వెనుకటి బేరములో వ్రాసియుంచుకొనిన అన్న పాన్ సంఖ్య వేసినాడు. 60,000 రూపాయలును సర్కారు పుస్తకములో అన్న పేర జమ పడియున్నవి. తమ్ముడు అడిగిన దానికి ఆధారము కానరాక, అతని పద్దు త్రోసివేయబడినది. అన్న మంచివాడు, "ఆ రూపాయలు నావి కావు, నా లెక్కలో చూపను" అనెను. కాని అన్నదమ్ముల నడుమ మాటలు లేని యిండ్లలో ఇట్టి తప్పు జరిగినచో నేమగునో ఊహించుకొనుడు. ఫారమును దిద్దుటకు దానిని దాఖలు చేసిన కొనుబడిదారుడే పూనుకొనవలెను. అతడు హైదరాబాదు కాపురస్థుడు. అతని సొమ్ము అతనికేమియు పోలేదు గనుక తొందర లేదు. బ్రతిమాలగా బ్రతిమాలగా జనవరిలో దిద్దించెను. తరువాత సవరణ దరఖాస్తు పెట్టగా, 2025 జూన్ నెలలో సొమ్ము వచ్చినది. 60,000 అసలు, 4,500 వడ్డీ.

ఈ 4,500 యెట్లు వచ్చినదో చూడుడు. 244ఎ సెక్షను ప్రకారము, గడువులో రిటర్ను వేసినవానికి వాపసుపై ఏప్రిల్ 1వ తేదీ నుండి సొమ్మిచ్చు వరకు నెలకు నూటికి అర రూపాయి చొప్పున వడ్డీ యియ్యవలెను. 2024 ఏప్రిల్ నుండి 2025 జూన్ వరకు పదునైదు నెలలు; నెలకు 300 చొప్పున 4,500. 2023 జూన్ నుండి 2024 మార్చి వరకు ఆ సొమ్ము సర్కారు వద్ద నున్నను ఆ కాలమునకు వడ్డీ లేదు. మరియు పన్ను బాకీపడిన మనుష్యుడు ఆలస్యము చేసినచో అతడు చెల్లింపవలసిన వడ్డీ నెలకు నూటికి ఒక రూపాయి. అనగా ఇచ్చుటకొక కుంచము, పుచ్చుకొనుటకొక కుంచము. మన సంఘములో ఏ గుమాస్తాయైనను ఇట్టి రెండు కుంచములు పెట్టినచో సర్వసభ్య సమావేశములో అతని నేమందురో మాకు తెలియును. చట్టమును మార్చుట మన చేతిలో లేదు గాని, అది యెట్లున్నదో తెలిసికొనుట మన చేతిలోనిదే. ఆలస్యమునకు కారణము రైతే యైనచో ఆ కాలమునకు ఈ అర రూపాయియు రాదని కూడ చట్టములో నున్నది.

ఇంకొక సంగతి. రిటర్ను దాఖలైన ఆర్థిక సంవత్సరము ముగిసిన పిదప తొమ్మిది నెలల వరకు దానిని పరిష్కరించుటకు పన్నుల శాఖకు చట్టము గడువిచ్చియున్నది. 2024 జూలైలో వేసిన రిటర్నునకు ఆ గడువు 2025 డిసెంబరు 31. ఏ తప్పును లేని రిటర్నులు పెక్కు కొలది వారములలోనే తేలుచున్నమాట నిజము. కాని 2023 జూన్ నెలలో పట్టిన సొమ్ము 2025 డిసెంబరు వరకు తేలకున్నను చట్టవిరుద్ధమని యనుటకు వీలులేదు. కావుననే వాపసును నమ్ముకొని విత్తనమునకు బయానా ఇయ్యరాదని మేము చెప్పుచున్నాము.

సర్కారు తగ్గించెదనన్న సొమ్ము కొరకు ఈ సీమ రైతులు కాచుకొనియుండుట క్రొత్త కాదు. 1800లో నైజాము దత్తమండలములను కుంఫిణీవారికి ఒప్పగించెను. నంద్యాల, సిరివెళ్ల సీమలు 1839 వరకు కర్నూలు నవాబు క్రింద నుండినను, నేడు మన జిల్లాలో నున్న కోయిలకుంట్ల అప్పుడు కడప జిల్లాతో కూడ దత్తమండలములలో చేరినది. అచ్చట కలెక్టరుగా నుండిన తామసు మన్రో భూములన్నియు కొలిపించి శిస్తు కట్టి, ఆ శిస్తు హెచ్చుగా నున్నదని తానే యొప్పుకొని, నూటికి 25 వంతులు తగ్గింపవలెనని 1807లో పైవారికి వ్రాసెను. పైవారు వినలేదు, గ్రామములను గుత్తల కిచ్చిరి. ఆ తగ్గింపు, మన్రో తానే గవర్నరై మదరాసునకు తిరిగి వచ్చిన తరువాత, 1820లో గాని జరుగలేదు. న్యాయమని ఒప్పుకొనిన దానికి పదమూడేండ్లు పట్టినది. నడుమ కాలములో చెల్లించిన హెచ్చు శిస్తునకు వడ్డీ మాట యెవరును తలపెట్టలేదు.

ఇక మన కాలమునకు వత్తము. వాపసు నిలిచిపోవుటకు ఈ ప్రాంతమున మేము కనుగొనిన కారణములలో పేరు తేడా మొదటిది. మనము ఇంటిపేరు ముందు చెప్పుదుము. పాన్ కార్డులో నది చివరకు పోవును. ఆధారులో పొడి అక్షరమగును. బ్యాంకు పుస్తకములో అసలే యుండదు. రెడ్డి, నాయుడు మొదలగు పదములు ఒకచోట నుండి యింకొకచోట నుండవు. యంత్రము చూచునది అక్షరములనే గాని మనుష్యుని కాదు. బ్యాంకు ఖాతాలోని పేరు పాన్ కార్డులోని పేరుతో సరిపోలినగాని ఖాతా ధృవపడదు. ధృవపడని ఖాతాకు వాపసు పోదు. 2019 మార్చి నుండి వాపసు చెక్కులు ఆగిపోయి, పాన్ సంఖ్యతో కూడిన ఖాతాకే సొమ్ము చేరుచున్నది.

ఖాతాల విషయములో మనకు మరియొక కష్టము కలిగినది. నంద్యాల, ఆళ్లగడ్డ రైతులలో పెక్కుమందికి ఆంధ్రా బ్యాంకులోను, సిండికేటు బ్యాంకులోను ఖాతాలుండెడివి. 2020 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోను, సిండికేటు బ్యాంకు కెనరా బ్యాంకులోను కలిసిపోయినవి. శాఖల సంకేతసంఖ్యలు మారినవి. పాత పాసుపుస్తకము చూచి పాత సంకేతము వ్రాసినవారి వాపసు దారి తప్పినది. కడప ముఖ్యస్థానముగా నుండిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు సయితము 2025 మే 1వ తేదీన తక్కిన మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా నేర్పడినది. ఆ ఖాతాదారులు రిటర్ను వేయుటకు ముందు శాఖకు పోయి తమ సంకేతమేమో విచారించుకొనుట మంచిది. సొమ్ము రాక తిరిగిపోయినచో నిరాశపడ నక్కరలేదు. ఖాతాను సరిచేసి, వాపసు మరల పంపుడని పన్నుల శాఖ వారి జాలస్థలములోనే దరఖాస్తు పెట్టవచ్చును.

పాన్ సంఖ్యను ఆధారుతో కలుపనివారికి 2023 జూలై 1వ తేదీ నుండి ఆ సంఖ్య పనిచేయదు. పనిచేయని సంఖ్యపై వాపసు ఇయ్యరు. పనిచేయని కాలమునకు వడ్డీయు లేదు. 1,000 రూపాయల రుసుము కట్టి కలుపుకొనవచ్చును. వృద్ధులైన రైతులలో నిట్టివారు మాకు ఇంకను కనబడుచున్నారు.

రిటర్ను వేసినంతనే పని తీరదు. వేసిన 30 దినములలోపల దానిని ధృవపరుపవలెను. ఆధారునకు జతపడిన ఫోనుకు వచ్చు సంఖ్యను చెప్పి ఇది చేయవచ్చును. ఆ ఫోను నంబరు కొడుకుదై, కొడుకు బెంగుళూరులో నుండి, ఎవరును పట్టించుకొనక గడువు దాటిన రిటర్ను చెల్లని కాగితము. చేను అమ్మినవాడు వేయవలసినది రెండవ నంబరు ఫారము. జీతగాండ్లు వేయు మొదటి నంబరు చిన్న ఫారములో భూమి అమ్మకము చూపుటకు చోటు లేదు. తక్కువ రుసుమునకు చిన్న ఫారము వేసి పంపువారు పట్టణములో నున్నారు. వారి వలన రైతులకు కలుగు మేలు లేదు.

పాత బాకీ యొకటి తేలి, దానిక్రింద వాపసు జమ కట్టుకొనుట ఇంకొక కారణము. 245 సెక్షను క్రింద శాఖవారికి ఆ యధికారము కలదు, కాని ముందుగా నోటీసు ఇయ్యవలెను. ఆ నోటీసు నేడు తపాలావాని సంచిలో రాదు; ఫోనులోనికి వచ్చును. చూడనివాడు ఒప్పుకొనినవానితో సమానమగును. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము 2009-10 ఆర్థిక సంవత్సరము వరకు 25,000 లోపు బాకీలను, 2010-11 మొదలు 2014-15 వరకు 10,000 లోపు బాకీలను, ఒక్కొక్కరికి మొత్తము లక్షకు మించకుండ, రద్దు చేసినది. అట్టి పాత బాకీ మరల చూపబడినచో ఈ సంగతి చెప్పి ఆక్షేపణ తెలుపవలెను.

కొనినవాడు పట్టుకొనిన సొమ్మును సర్కారునకు చెల్లింపనేలేదను సందర్భములును కలవు. అట్టిచో శాఖవారు ఆ పన్నును మరల రైతు నడుగరాదని చట్టము. కాని చేరని సొమ్మును వాపసు ఇయ్యరు. ఇందుకు మందు రిజిస్ట్రేషను దినముననే యున్నది. సంతకము చేయుటకు ముందే చెల్లింపు రసీదు చూపుడని యడుగవలెను. తరువాత 16బి యను సర్టిఫికేటు తీసికొనవలెను. తన పాన్ సంఖ్యపై 26ఎయస్ అను సర్కారు పద్దులో ఆ సొమ్ము పడెనో లేదో ఎవరిచేతనైనను చూపించుకొనవలెను. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కలిసి అమ్మినప్పుడు ఎవరి పాలునకు వారి సంఖ్యతో వేరువేరు ఫారము వేయించవలెను. వెల విడివిడిగా 50 లక్షలకు తక్కువైనను, అందరి మొత్తము 50 లక్షలైనచో కోత తప్పదని 2024 అక్టోబరు 1వ తేదీ నుండి స్పష్టపరుపబడినది. పెద్దవాని పేరనే యన్నియు వేయించుట మన యిండ్లలో మర్యాద కావచ్చును. ఈ విషయములో మాత్రము ఆ మర్యాద పనికిరాదు.

వాపసు కొరకు కాచుకొను కాలములో సేద్యపు ఖర్చునకు సంఘమే యాధారము. 60,000 రూపాయలకు మండీలో నెలకు 1,200 వడ్డీ. కిసాన్ క్రెడిట్ కార్డు పంటఋణమునకు, 3 లక్షల వరకు, ఏటికి నూటికి 7 చొప్పున నెలకు 350 రూపాయలే. గడువులో తీర్చినచో మరి 3 వంతులు తగ్గి 200 రూపాయలే యగును. ఈ తగ్గింపును కేంద్రప్రభుత్వము 2025-26వ సంవత్సరమునకును కొనసాగించినది. మేము చెప్పిన రైతు సంఘ సభ్యుడే. సంఘములో నేల అడుగలేదంటిమి. "సర్కారు సొమ్ము వస్తుంది గదా, మల్లా అప్పెందుకని" అని అతని జవాబు. వచ్చెడి సొమ్ము వేరు, వచ్చిన సొమ్ము వేరు. పంటఋణము కొరకు దరఖాస్తు సెప్టెంబరులోనే పెట్టుకొనవలెను. పదును చూచి పరుగెత్తిన వానికి సంఘము తలుపు తెరచియున్నను కాగితములు తెమలవు. కార్యదర్శులును వాపసు రావలసియున్న సభ్యుని ఋణమును వెనుకకు త్రోయక, ముందుగా పరిశీలింతురని ఆశించుచున్నాము.

న్యాయస్థానములు ఈ విషయమున ఏమనుచున్నవో కొంచెము చెప్పెదము. పూనా నగరపు శాండ్విక్ ఏషియా యను కంపెనీకి రావలసిన సొమ్ము పండ్రెండు మొదలు పదునేడు సంవత్సరముల వరకు నిలిచిపోగా, సుప్రీము కోర్టు 2006 జనవరిలో ఆ జాప్యమునకు పరిహారము ఇయ్యవలెనని తీర్పు చెప్పినది. 2013లో ముగ్గురు న్యాయమూర్తులు, చట్టములో చెప్పిన వడ్డీయే గాని వడ్డీపై వడ్డీ కోరరాదని దానిని స్పష్టపరచిరి. 2014లో టాటా కెమికల్సు వారి వ్యాజ్యములో, మూలమున పట్టిన పన్ను తిరిగి యిచ్చునప్పుడు దానికి వడ్డీయు చేరియే యుండునని చెప్పిరి. రైతు 60,000 రూపాయల కొరకు ఢిల్లీకి పోడు. అయినను పన్నుల శాఖవారి జాలస్థలములో ఫిర్యాదు వేయునప్పుడు తాను యాచకుడను కానని తెలిసికొని వ్రాయుటకు ఈ తీర్పులు పనికివచ్చును. ఫిర్యాదు వేసిన దినము, దాని సంఖ్య ఒక పుస్తకములో వ్రాసియుంచుకొనవలెను.

ఈ వ్యాసములోని సెక్షను సంఖ్యలు, ఫారముల పేర్లు 1961 చట్టమునకు సంబంధించినవి. 2025లో చేయబడిన క్రొత్త ఆదాయపు పన్ను చట్టమునకు 2026 ఏప్రిల్ 1వ తేదీ అమలు తేదీగా నిర్ణయింపబడినది. అప్పటి నుండి జరుగు అమ్మకములకు సంఖ్యలు వేరుగా నుండును గనుక ఆడిటరు నడిగి తెలిసికొనవలెను.

రిటర్నే వేయక ఊరకున్నవారు కొందరు కలరు. పన్ను లేదు గదా, రిటర్ను ఎందులకని వారి తలంపు. కోత పడియున్నచో, రిటర్ను వేయక వాపసు రాదు. అట్టివారికిని దారి మూసికొనిపోలేదు. గడువు దాటుటకు తగిన కారణము చూపి 119వ సెక్షను క్రింద మన్నింపు కోరవచ్చును. 2024 అక్టోబరు 1వ తేదీన వెలువడిన ఉత్తరువు ప్రకారము, ఏ సంవత్సరపు లెక్క తేలవలసియున్నదో ఆ నిర్ధారణ సంవత్సరము ముగిసిన నాటి నుండి అయిదేండ్ల వరకు ఈ దరఖాస్తు స్వీకరింతురు. 2023 జూన్ నెలలో చేను అమ్మినవానికి 2030 మార్చి 31 వరకు కాలము కలదు. ఇట్లు ఆలస్యముగా కోరిన సొమ్మునకు వడ్డీ ఇయ్యరు. దరఖాస్తుతో చేను విక్రయ దస్తావేజు నకలు, ఇంటి క్రయ దస్తావేజు నకలు, 16బి సర్టిఫికేటు, బ్యాంకు పుస్తకపు మొదటి పుట జతపరుపవలెను. జబ్బు కారణమైనచో వైద్యుని కాగితములును, ఇంటిలో మరణము కారణమైనచో దాని ధృవపత్రమును చేర్పవలెను.